పెంటకుప్పకు లేని కంపు కవరుకెందుకు?

మాడుగులపల్లి టోల్‌గేటు దగ్గర అద్దంకి రోడ్డు దిగి ఏ ఊళ్లోకి వెళ్లినా, ఎండాకాలంలో రెండు రకాల కుప్పలు కనబడతాయి. ఒకటి, పశువులున్న ఇంటి పక్కన పెంటకుప్ప. పేడ, పశువులు తినగా మిగిలిన వరిగడ్డి, పొయ్యిలో బూడిద, కూరగాయల తొక్కలు, వాకిలి ఊడ్చిన ఆకులు అన్నీ అందులోకే. నెలల తరబడి పెరుగుతూనే ఉంటుంది. రెండోది ఊరి చివర, ముడేసి విసిరేసిన క్యారీబ్యాగుల గుట్ట. వాటిలోనూ అవే తొక్కలు, అదే మిగిలిన అన్నం. పెంటకుప్పకు నాలుగడుగుల దూరంలో కూర్చుని ముచ్చట్లు పెట్టుకునేవాళ్లుంటారు. కవర్ల గుట్ట దాటేటప్పుడు బండి మీద పోయేవాడు కూడా ముక్కు మూసుకుంటాడు.

సరుకు దాదాపు ఒకటే అయినప్పుడు కంపులో ఇంత తేడా ఎందుకు? ఇంటి చెత్తను తగ్గించుకోవడం గురించి చెప్పే సలహాలు చాలానే ఉన్నాయి. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే వాటిలో ఏది పనికొస్తుందో, ఏది ఉత్త మాటో మనమే తేల్చుకోవచ్చు.

## అరగని తొక్కే కంపు

కుప్పలో ఏది వేసినా దాన్ని తినేది కంటికి కనబడని జీవులు: బ్యాక్టీరియా, బూజులు. గాలిలోని ఆక్సిజన్ అందినంతసేపు అవి తొక్కలోని పిండిపదార్థాన్ని చివరిదాకా అరాయించుకుంటాయి. మిగిలేవి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, వేడి. మూడింటికీ వాసన ఉండదు.

పచ్చి కట్టెల పొయ్యి ఊదినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఎండిన తుమ్మకట్టె, గాలి ఆడే పొయ్యిలో మండితే పొగ పెద్దగా ఉండదు. అదే కట్టె తడిగా ఉండి, పొయ్యి నోరు బూడిదతో మూసుకుపోతే ఇల్లంతా పొగే. పొగంటే పూర్తిగా కాలని కట్టె. కంపు కూడా అలాంటిదే, పూర్తిగా అరగని తొక్క.

ముడేసిన కవరులో జరిగేది ఇది. లోపలున్న కాస్త ఆక్సిజన్ కొన్ని గంటల్లోనే అయిపోతుంది. గాలితో బతికే జీవులు వెనక్కి తగ్గి, గాలి అక్కర్లేని జీవులు రంగంలోకి దిగుతాయి. కవరులో ఇవి పనిని చివరిదాకా నడపలేవు, మధ్యలోనే వదిలేస్తాయి. పిండిపదార్థాలు, కొవ్వుల నుంచి బ్యూటిరిక్ ఆమ్లం లాంటివి మిగులుతాయి. ముక్కిపోయిన వెన్న వాసన దానిదే. పప్పు, గుడ్డు, మాంసం ముక్కల్లోని గంధకం హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారి కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. నత్రజనిలో కొంత అమ్మోనియా అవుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ అయితే గాలిలో వంద కోట్ల భాగాలకు కొన్ని భాగాలున్నా మన ముక్కు పసిగడుతుంది. అది విషవాయువు కాబట్టి ముక్కుకు ఆ మాత్రం చురుకుదనం ఉండడమే మంచిది.

ముడి విప్పేస్తే సరిపోతుందా? సరిపోదు. కూరగాయల తొక్కల్లో నూటికి ఎనభై, తొంభై పాళ్లు నీరే. కుళ్లే కొద్దీ ఆ నీరు బయటికి ఊరి, తొక్కల మధ్య సందులన్నీ నింపేస్తుంది. ఆక్సిజన్ గాలిలో పాకే వేగంతో పోలిస్తే నీటిలో దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా పాకుతుంది. అంటే బక్కెట్ మూత తీసి పెట్టినా, పైన అంగుళం మందం తప్ప అడుగంతా ఊపిరాడకుండానే ఉంటుంది.

పెంటకుప్పలో ఈ ముప్పును తప్పించేది వరిగడ్డి. గడ్డిపోచల మధ్య ఖాళీలుంటాయి, పోచలు ఊరిన నీటిని పీల్చుకుంటాయి, సందులు పూడకుండా కాపాడతాయి. కుప్పలో వేడి పుట్టి గాలి పైకి లేస్తుంటే, పక్కల నుంచి కొత్త గాలి లోపలికి చేరుతుంది. బాగా పేర్చిన కుప్ప మధ్యలో వేడి 55 నుంచి 65 డిగ్రీల దాకా పోతుంది. ఈగల గుడ్లు, కలుపు గింజలు ఆ వేడికి చాలావరకు చచ్చిపోతాయి.

## గడ్డి చేసే రెండో పని

గడ్డి గాలి ఆడనివ్వడమే కాదు, తిండిలో తూకం కూడా సరిచేస్తుంది. సూక్ష్మజీవులకు శక్తి కోసం కార్బన్, ఒళ్లు పెంచుకోవడానికి నత్రజని కావాలి. ఇంచుమించు 25 నుంచి 30 పాళ్ల కార్బన్‌కు ఒక పాలు నత్రజని ఉంటే వాటికి సరిగ్గా సరిపోతుంది. తొక్కల్లో, పేడలో ఈ నిష్పత్తి ఇరవైకి అటూ ఇటూ ఉంటుంది. అంటే నత్రజని కాస్త ఎక్కువ. ఎక్కువైన నత్రజని అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. ముక్కుకు బాధ, పైగా ఎరువు నష్టం. ఎండుటాకుల్లో, వరిగడ్డిలో నిష్పత్తి యాభై, అరవై, ఎనభై దాకా ఉంటుంది. రెండూ కలిస్తే తూకం కుదురుతుంది.

ఇక్కడ మన ప్రాంతపు అపోహ ఒకటి ఉంది. మిర్యాలగూడ చుట్టూ ఇన్ని రైస్‌మిల్లులు, ఇంత ఊక ఉండగా గడ్డీ ఆకులూ ఎందుకు, ఊకే పోస్తే పోలేదా అంటారు. పోయొచ్చు, కానీ ఊక ఎరువవుతుందని ఆశపడొద్దు. దాని బరువులో ఇంచుమించు ఐదో వంతు సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. మిగిలిన దాంట్లోనూ గట్టి లిగ్నిన్ ఎక్కువ. వడ్ల గింజను పురుగు నుంచీ తేమ నుంచీ కాపాడటానికి పుట్టిన తొడుగు, సూక్ష్మజీవులకు మాత్రం సులువుగా ఎందుకు లొంగుతుంది? ఏడాది తర్వాత చూసినా ఊక ఊకలాగే ఉంటుంది. సందులు తెరిచి ఉంచడానికి పిడికెడు వాడుకుంటే చాలు.

బూడిదకూ హద్దుంది. కట్టెల బూడిదలో పొటాషియం ఉంటుంది, మంచిదే. కానీ అది క్షారం. ఎక్కువ పోస్తే కుప్పలోని నత్రజనిని అమ్మోనియాగా తరిమేస్తుంది. పూర్వం కుప్పలోకి వెళ్లింది పొయ్యిలోంచి రోజూ తీసిన చారెడు బూడిదే.

పెంటకుప్పలోని ఈ లెక్కలను శాస్త్రీయంగా రాసిపెట్టే పని మన దేశంలోనే జరిగింది. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేసిన ఆల్బర్ట్ హోవార్డ్, యశ్వంత్ వాడ్‌తో కలిసి పొరలుగా పేర్చి తిరగేసే పద్ధతిని 1931లో పుస్తకంగా తెచ్చారు. ప్రపంచమంతా దాన్ని ఇండోర్ పద్ధతి అంటుంది. తర్వాత బెంగళూరులో సి.ఎన్. ఆచార్య పట్టణాల చెత్తను గుంతల్లో పూడ్చి ఎరువు చేసే మరో పద్ధతి రూపొందించారు.

## పశువులు లేని ఇంట్లో

అడుగున, పక్కల చిల్లులు పెట్టిన పాత డ్రమ్ము, లేదా వదులుగా పేర్చిన ఇటుకల తొట్టి చాలు. అడుగున కొబ్బరి పీచు, ఎండు పుల్లలు వేయండి. తొక్కలు ఒక గిన్నెడు వేసిన ప్రతిసారీ పైన రెండు గిన్నెల ఎండుటాకులు కప్పండి. ఈ కప్పడం మానేసిన రోజే ఈగలొస్తాయి. మొదట్లో పాత పెంట లేదా పేడనీళ్లు కాస్త చల్లితే సూక్ష్మజీవులు త్వరగా చేరతాయి. వారానికోసారి కర్రతో కెలకండి.

డ్రమ్ములోది పిడికిట్లోకి తీసుకుని పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఆకులు కలపాలి, పొడిగా రాలితే నీళ్లు చల్లాలి. ఎముకలు, నూనె తేలే కూరలు, పాలు వద్దు. డ్రమ్ము చిన్నది కాబట్టి పెంటకుప్పలా వేడెక్కదు, పని నెమ్మదిగా సాగుతుంది. మూడు, నాలుగు నెలలు ఓపిక పట్టాలి. వానపాములు వదలాలనుకుంటే మొదటి వేడి చల్లారాకే వదలాలి. వానాకాలంలో పైన పాత సిమెంటు సంచి కప్పకపోతే మళ్లీ కవరు కథే.

## కుడితి గోళెం ఏం చేసేది

అసలు తొక్కలు కుప్ప దాకా రావడం కూడా పాత ఇళ్లలో చివరి మజిలీ. అంతకు ముందు వాకిట్లో కుడితి గోళెం ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి, కూరగాయల తొక్కలు, పిడికెడు తవుడు, మిగిలిన అన్నం అందులోకి. సాయంత్రానికి బర్రె ముందు పెట్టేవాళ్లు. కింద రాలిన మెతుకులకు కోళ్లుండేవి. అన్నీ తినగా మిగిలింది పేడ రూపంలో పెంటకుప్పకు చేరేది.

మనకు అరగని గట్టి తొక్క బర్రెకు ఎలా అరుగుతుంది? దాని నాలుగు గదుల పొట్టలో మొదటిది పెద్ద తొట్టి లాంటిది. లోపల గాలి ఉండదు, వేడి ఎప్పుడూ 39 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది. కోటానుకోట్ల సూక్ష్మజీవులు తొక్కలోని పీచును విరగ్గొట్టి కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. కవరులో కంపు కొట్టే ఆమ్లాల కుటుంబమే ఇది. బర్రె పొట్టలో పుట్టినవి పుట్టినట్టే రక్తంలోకి చేరి దానికి బలమవుతాయి, పాలవుతాయి. దీనికీ ఒక హద్దుంది. పెళ్లింటి అన్నం బేసిన్ల కొద్దీ ఒక్కసారే పెడితే పొట్టలో పులుపు హద్దు మీరి పశువు ప్రాణం మీదికొస్తుంది. విందు మర్నాడు పశువైద్యుల దగ్గరికి ఇలాంటి కేసులు రావడం కొత్తేమీ కాదు.

కాబట్టి గాలి లేకపోవడమే తప్పనడం కూడా సరికాదు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు, కాస్త మజ్జిగ పోసి మూతపెట్టే సద్దిలోనూ గాలి ఉండదు. అక్కడ మజ్జిగలోని లాక్టిక్ బ్యాక్టీరియా ముందే చేరి, అన్నాన్ని పులిపించి, కంపు పుట్టించే జీవులను దగ్గరికి రానివ్వవు. అన్నంలో పిండిపదార్థమే ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ కావడం కూడా కలిసొస్తుంది. మే నెల ఎండల్లో మాత్రం వండిన అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేసి, ఆ తర్వాత నీళ్లు పోస్తే లాభం లేదు. వండినా చావని కొన్ని బ్యాక్టీరియా బీజాలు ఆలోపే మొలకెత్తి వాంతులు తెప్పించే విషాన్ని వదిలి ఉంటాయి. చల్లారగానే నీళ్లు పోయాలి.

గోబర్ గ్యాస్ సంగతీ ఇంతే. గాలి చొరని తొట్టిలో అదే కుళ్లు చివరిదాకా నడిచి మీథేన్ అవుతుంది, దాన్ని గొట్టంతో పొయ్యికి తెచ్చుకుంటాం. కవర్ల గుట్టలో పుట్టిన మీథేన్ మాత్రం గాలిలోకి పోతుంది. వందేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్ల దాకా భూమిని వేడెక్కిస్తుంది.

కుడితి గోళేలు పోయిన కాలమే పాలిథిన్ కవర్లు వచ్చిన కాలం. ఇంట్లో చెత్త పెరిగిందని అంటాం కానీ, తొక్కల పరిమాణం పెద్దగా మారలేదు. వాటిని తినేవాళ్లు పోయారు.

## ఆదా ఎక్కడ, ఎంత?

ఇంటి ఎరువును బంగారమని పొగిడేవాళ్లు ఒకసారి లెక్క వేసి చూడాలి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024 నివేదిక అంచనా ప్రకారం మన దేశంలో ఇళ్లలో తలకు ఏడాదికి 55 కిలోల తిండి వ్యర్థమవుతోంది. నలుగురున్న ఇంట్లో 220 కిలోలు. అదంతా కుప్పేస్తే నాలుగో వంతు, అంటే 55 కిలోల ఎరువు దిగుతుందనుకుందాం. అందులో నత్రజని నూటికి ఒక పాలు ఉంటే అర కిలో పైచిలుకు. అంత నత్రజని యూరియా రూపంలో కొంటే కిలోంబావు కూడా పట్టదు. 45 కిలోల బస్తా 266 రూపాయల యాభై పైసలున్న ధరకు అది ఏడెనిమిది రూపాయలు! వరిపొలానికి ఇది లెక్కలోకే రాదు. బీర, సొర, చిక్కుడు పాదులకు మాత్రం మేలే. ఆ మేలు కూడా నత్రజని వల్ల కాదు. మట్టి గుల్లబారి, నీటిని పట్టి ఉంచి, వేసవిలో పాదు ఒకపూట నీళ్లు తప్పినా తట్టుకుంటుంది.

ఇప్పుడు రెండో లెక్క. రోజూ యాభై గ్రాముల బియ్యం, అంటే ఒక పిడికెడు, ఎక్కువ వండి పారేసే ఇంట్లో ఏడాదికి 18 కిలోలు పోతాయి. కిలో యాభై రూపాయలు వేసుకున్నా 900 రూపాయలు. వండిన గ్యాస్ వేరే. కిలో వడ్లకు సగటున 2,500 లీటర్ల నీళ్లు పడతాయని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ అంచనా. కిలో బియ్యానికి కిలోన్నర వడ్లు ఆడించాలి. ఆ లెక్కన రోజుకొక పిడికెడు బియ్యంతో పారబోసే నీళ్లు 185 లీటర్లు దాటతాయి. సాగర్ ఎడమ కాలువకు నీళ్లెప్పుడు వదులుతారా అని ఎదురుచూసే ఆయకట్టులో ఈ అంకె అర్థం కానివాళ్లుండరు.

ఎరువు ఏడు రూపాయలు, పిడికెడు బియ్యం తొమ్మిది వందలు. పొదుపు ఎసట్లో బియ్యం పోసే ముందు మొదలవ్వాలి. పారేసే దగ్గర మొదలైతే మిగిలేది చిల్లరే. రాత్రికి ఎవరెవరు తింటారో అడిగి ఎసరు పెట్టడం ఏ తొట్టి కంటే గొప్ప పరికరం.

## కలిపాక విడదీయలేం

మరి తొట్టి ఎందుకు? ఎరువు కోసం కాదు, మిగతా చెత్తను కాపాడటం కోసం.

పాల కవరు, అట్టపెట్టె, నీళ్ల సీసా, ఇనుప ముక్క పొడిగా ఉంటే పాత సామాన్లవాడు కొంటాడు. వాటిమీద సాంబారు ఒలికితే కొనడు. అట్ట నాని పిప్పవుతుంది, కవర్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యంలోంచి రాళ్లను బరువును బట్టి వేరుచేసే యంత్రముంది, నల్ల గింజను రంగును బట్టి పట్టి గాలితో ఎగరగొట్టే యంత్రముంది. గింజలు పొడిగా, విడివిడిగా దొర్లుతాయి కాబట్టే అవి పనిచేస్తాయి. జిగటగా ముద్దయిన చెత్తను అలా విడదీసే యంత్రం లేదు, మనిషి చేయి తప్ప. వంటింట్లో ఒక క్షణంలో తేలిపోయే పని, డంపింగ్ యార్డులో కూలి పెట్టి చేయించినా సగమే అవుతుంది.

ఈ సంగతిని ఇరవై ఏళ్ల కిందటే చేసి చూపించింది మన పొరుగున ఉన్న సూర్యాపేట. పట్టణాల చెత్తపై 2000లో కేంద్రం తెచ్చిన నిబంధనలను 2003 చివరికల్లా అమలు చేయాలని గడువు పెడితే, దేశంలో చాలా నగరాలు చేతులెత్తేశాయి. లక్షకు దగ్గర జనాభా ఉన్న సూర్యాపేటలో అప్పటి మున్సిపల్ కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ రోడ్ల మీది చెత్తకుండీలనే ఎత్తేయించారు. కుండీ ఉంటే అందులో అన్నీ కలుస్తాయి, అది లేకపోతే చెత్త ఇంటి గడప దగ్గరే చేతులు మారాలి. తడి, పొడి విడివిడిగా తీసుకున్నారు. తడి చెత్త వానపాముల ఎరువైంది, పొడి చెత్తను అమ్మారు. ఘనవ్యర్థాల మీద రాసే పుస్తకాల్లో సూర్యాపేట పేరు ఇప్పటికీ కనబడుతుంది.

2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతితో తెలంగాణ పంచాయతీలకు ట్రాక్టర్లు, చెత్త వేరుచేసే షెడ్లు వచ్చాయి. 2016లో మండలమైన మాడుగులపల్లి పల్లెల్లోనూ తడి చెత్త, పొడి చెత్త అనే మాటలు ఇప్పుడు పిల్లలకు కూడా తెలుసు. కానీ ఆ ట్రాక్టరు మోసే తడి చెత్తలో ముప్పాతిక నీళ్లే. పైన చెప్పిన నలుగురి ఇంటి 220 కిలోల్లో 160 కిలోలకు పైగా నీరు. పంచాయతీ డీజిలు పోసి నీళ్లను ఊరి చివరికి మోసుకెళుతోందన్నమాట. పెరడున్న ఇంట్లో తొట్టి ఉంటే ఆ నీరు పెరట్లోనే ఆవిరవుతుంది. ట్రాక్టరు రోజూ రానక్కర్లేదు, వారానికి రెండుసార్లు పొడి చెత్తకు వస్తే చాలు.

## ఫ్యాక్టరీలోనే కలిసిన చెత్త

ఎంత జాగ్రత్తగా వేరుచేసినా ఒక రకం మిగిలిపోతుంది: చిప్స్ ప్యాకెట్లు, గుట్కా, షాంపూ సాషేలు. పాల కవరు ఒకే రకం ప్లాస్టిక్, కరిగిస్తే మళ్లీ వాడుకోవచ్చు. చిప్స్ ప్యాకెట్ అలా కాదు. తేమ రాకుండా ఒక పొర, గాలి చొరకుండా అల్యూమినియం పూత, అతుక్కోవడానికి ఇంకో పొర. వేర్వేరు వేడికి కరిగే పొరలను విడదీయడం గిట్టుబాటు కాదు, అందుకే పాత సామాన్లవాడు దాన్ని ముట్టడు. విందుల్లో వాడే మెరిసే కాగితపు ప్లేటు కూడా ఇదే జాతి: కాగితం మీద పలుచని ప్లాస్టిక్ పొర. కాగితంగా కుళ్లదు, ప్లాస్టిక్‌గా కరగదు. మోదుగాకుల విస్తరి దాని కంటే ఎందుకు మేలో చెప్పడానికి సంప్రదాయం సాయం అక్కర్లేదు. పుల్లతో సహా అది ఒకే రకం సరుకు, తిన్న తర్వాత అన్నంతోపాటే కుప్పలో వేయొచ్చు. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్ల మీద దేశమంతా నిషేధముంది. మెరిసే కాగితం మాత్రం దర్జాగా తిరుగుతోంది.

ఈ సాషేలను పెరట్లో కాల్చేయడం చాలామంది చేసే పని, అన్నింటికంటే చెడ్డ పనీ అదే. పెరటి మంట వేడి చాలదు, గాలి చాలదు. క్లోరిన్ ఉన్న పీవీసీ ముక్క ఒకటి కలిసినా డయాక్సిన్లనే మొండి విషాలు పుట్టి, బూడిదలో, మట్టిలో, అక్కడ మేసే పశువు పాల కొవ్వులో చేరతాయి. ఆ బూడిదను పెంటకుప్పలో కలపకూడదు.

దీనికి మన ప్రాంతంలో ఒక దారి ఉంది. మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. సిమెంటు బట్టీలో ముడిసరుకు 1,450 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ వేడికి సాషే పూర్తిగా కాలిపోతుంది, అల్యూమినియం సిమెంటు గడ్డలో (క్లింకర్‌లో) కలిసిపోతుంది, ఆ మేరకు బొగ్గు మిగులుతుంది. మళ్లీ వాడలేని పొడి చెత్తను బట్టీల్లో ఇలా కాల్చడాన్ని ప్రభుత్వ నిబంధనలు అనుమతిస్తున్నాయి. ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో సరుకు అమ్మే కంపెనీలు ఆ ప్లాస్టిక్‌ను తిరిగి సేకరించే బాధ్యతా తీసుకోవాలని 2022 ఫిబ్రవరిలో వచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాబట్టి గ్రామసభలో అడగాల్సిన ప్రశ్న ‘చెత్త ఎందుకు ఎత్తడం లేదు’ అని కాదు. షెడ్డులో పోగైన సాషేల బస్తాలు ఎక్కడికి పోతున్నాయి, ఏ బట్టీకి పంపుతున్నారు, రవాణా ఖర్చు కంపెనీల నుంచి ఎవరు వసూలు చేస్తున్నారు అని.

బట్టీవాళ్లకు రెండు షరతులుంటాయి. పీవీసీ ఉండకూడదు, ఎందుకంటే క్లోరిన్ బట్టీ లోపల పెచ్చులు కట్టిస్తుంది. తడి ఉండకూడదు, ఎందుకంటే ఆ నీటిని ఆవిరి చేయడానికే వేడి ఖర్చయిపోతుంది. ఇంట్లో చేయాల్సిందల్లా ఖాళీ ప్యాకెట్‌ను దులిపి, వంటగది తలుపు వెనక తగిలించిన సంచిలో పడేయడం. నెలకు ఒక సంచి నిండుతుంది. కంపు రాదు కాబట్టి నెలరోజులు ఇంట్లో ఉన్నా ఇబ్బంది లేదు.